బడి కోసం భూగోళం చుట్టి...

సెప్టెంబరు 10. ఈ తేదీన పాయల్ గుప్తా రెండుసార్లు భూగోళం చుట్టి రావడానికి బయల్దేరారు. మొదటిసారి 2017లో, గోవాలో. అప్పటి రక్షణమంత్రి నిర్మలా సీతారామన్ జెండా ఊపగా, నౌకాదళ యూనిఫాంలో, మరో అయిదుగురు మహిళా అధికారులతో కలిసి ‘ఐఎన్‌ఎస్‌వీ తారిణి’ ఎక్కారు. రెండోసారి 2023లో, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో. అప్పటికి ఆమె మాజీ సైనికాధికారి. లెఫ్టినెంట్ కమాండర్ అన్న హోదా పక్కన ‘రిటైర్డ్’ అన్న మాట చేరింది. ఎక్కిన పడవ పేరు ‘మెయిడెన్’. ఈసారి ఆ పడవ ఏ దేశ సైన్యం తరఫునా వెళ్లలేదు. ప్రపంచంలో బడికి దూరమైన ఆడపిల్లల తరఫున వెళ్లింది.

ఏడు నెలల తర్వాత, 2024 ఏప్రిల్ 16న, మెయిడెన్ ఇంగ్లండ్‌లోని కౌస్ తీరం చేరింది. ఓషన్ గ్లోబ్ రేసు గెలిచింది. భూగోళాన్ని చుట్టే తెరచాప పందెంలో పూర్తిగా మహిళలే నడిపిన పడవ గెలవడం చరిత్రలో అదే మొదలు. ఆ సిబ్బందిలో ఇద్దరు భారతీయులు: డెహ్రాడూన్‌కు చెందిన పాయల్ గుప్తా, మరొకరు ధన్య పిలో. ఇంత పెద్ద వార్త మన దగ్గర పత్రికల లోపలి పేజీల్లో ఒక పేరా దగ్గర ఆగిపోయింది. క్రికెట్ జట్టు ఒక్క సిరీస్ గెలిస్తే వారం రోజులు మాట్లాడుకునే మనం, ఈ ఇద్దరి గురించి ఒక పూట కూడా మాట్లాడుకోలేదు. అందుకే ఈ వారం ముఖచిత్రం వాళ్లకి.

మూతపడ్డ బడి తలుపు నుంచి

మెయిడెన్ కథ తెలియకపోతే పాయల్ ప్రయాణం సగమే తెలుస్తుంది. కాబట్టి ముందు ఆ పడవ యజమానురాలి దగ్గరికి వెళ్దాం.

ట్రేసీ ఎడ్వర్డ్స్‌ని పదిహేనేళ్ల వయసులో బడి నుంచి పంపించేశారు. అటూ ఇటూ తిరిగి, గ్రీస్ తీరంలో విహార పడవల్లో పనికి కుదిరింది. వంట, వడ్డన, గదులు ఊడ్చడం. అక్కడ సముద్రం ఆమెను పట్టుకుంది. 1985-86లో భూగోళం చుట్టూ జరిగిన విట్‌బ్రెడ్ తెరచాప పందెంలో ‘అట్లాంటిక్ ప్రైవటీర్’ అనే పడవ మీద వంటమనిషిగా వెళ్లింది. చుక్కాని మగవాళ్లది, గరిటె ఆమెది. తిరిగొచ్చాక ఒక్కటే పట్టుదల: మళ్లీ వెళ్తే ఆడవాళ్ల సిబ్బందితోనే వెళ్లాలి.

డబ్బిచ్చేవాళ్లు లేరు. పడవలోనే చచ్చిపోతే చెడ్డపేరు మాకెందుకని కంపెనీలు తప్పుకున్నాయి. ఇల్లు తాకట్టు పెట్టి, 58 అడుగుల పాత అల్యూమినియం పడవను కొంది. సిబ్బందే దాన్ని విప్పి, గీకి, రంగులేసి మళ్లీ కట్టుకున్నారు. చివరికి ఆదుకున్నది జోర్డాన్ రాజు హుస్సేన్. విహార పడవలో పనిచేస్తున్న రోజుల్లో ఆమెకు ఆయనతో పరిచయమైంది. రాయల్ జోర్డానియన్ విమాన సంస్థ పేరు పడవ మీదికి వచ్చింది అలాగే. 1989లో అదే విట్‌బ్రెడ్ పందెంలో పన్నెండు మంది మహిళలు బయల్దేరారు. ఒక అంచె కూడా దాటరని రాసిన విలేకరులున్నారు. మెయిడెన్ రెండు అంచెలు గెలిచింది. అవి కూడా దక్షిణ మహాసముద్రంలోని కష్టమైన అంచెలు. మొత్తం మీద తన తరగతిలో రెండో స్థానంలో నిలిచి 1990 మేలో సౌతాంప్టన్ చేరింది. బ్రిటన్‌లో ఏటా ఇచ్చే ‘యాట్స్‌మన్ ఆఫ్ ది ఇయర్’ గౌరవాన్ని మొట్టమొదట అందుకున్న మహిళ ట్రేసీ.

తర్వాత పడవను అమ్ముకోవాల్సి వచ్చింది. అది చేతులు మారి, మారి, 2014లో సీషెల్స్ దీవుల్లో పాడైపోయి, పట్టించుకునే నాథుడు లేక పడి ఉందని తెలిసింది. చందాలు వేసుకుని 2017లో ఇంగ్లండ్ తెచ్చుకున్నారు. బాగుచేయించడానికి ముందుకొచ్చింది హుస్సేన్ రాజు కూతురు, రాకుమారి హయా. తండ్రి ఒకసారి నిలబెట్టిన పడవను కూతురు రెండోసారి నిలబెట్టింది.

ఇక్కడ ట్రేసీ తీసుకున్న నిర్ణయం నాకు ఆమె గెలుపులన్నిటికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. పడవను మ్యూజియంలో పెట్టొచ్చు. అద్దెకి తిప్పి డబ్బు చేసుకోవచ్చు. ఆమె రెండూ చేయలేదు. ‘మెయిడెన్ ఫ్యాక్టర్’ అనే సంస్థ పెట్టి, ఆడపిల్లల చదువు కోసం పడవను ప్రపంచం చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. ప్రతి ఆడపిల్లకీ పన్నెండేళ్ల చదువు దక్కాలన్నది దాని కోరిక. ఆగిన రేవులో బడిపిల్లలు పడవ ఎక్కుతారు, చక్రం పట్టుకుని చూస్తారు, సిబ్బందిని ప్రశ్నలడుగుతారు. వచ్చిన విరాళాలు ఆడపిల్లల్ని చదివించే స్థానిక సంస్థలకు వెళ్తాయి. యునెస్కో లెక్కలో ప్రపంచంలో బడికి వెళ్లని ఆడపిల్లలు 12 కోట్లకు పైమాటే. తన చదువు మధ్యలో తెగిపోయిన మనిషి కాబట్టి ఆ అంకె ట్రేసీకి ఒంటికి తగిలినట్టుంది.

తారిణి నేర్పిన పని

ఇప్పుడు పాయల్ దగ్గరికి. ఆమె నౌకాదళంలో ఎడ్యుకేషన్ అధికారి. యుద్ధనౌక నడిపే ఉద్యోగం కాదు. ఆమెతో తారిణి మీద వెళ్లినవాళ్లూ అంతే. పడవ కెప్టెన్‌గా ఉన్న వర్తికా జోషి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య నౌకా నిర్మాణ ఇంజినీర్లు. ప్రతిభా జమ్వాల్, విశాఖపట్నం అమ్మాయి పి.స్వాతి విమానాల రాకపోకలు నియంత్రించే అధికారులు. మణిపూర్ నుంచి వచ్చిన విజయాదేవి పాయల్‌లాగే ఎడ్యుకేషన్ విభాగం. ఆరుగురిలో ఇద్దరు తెలుగువాళ్లని మనం గర్వంగా చెప్పుకోవాలి, చెప్పుకోలేదు.

సముద్రంలో తెరచాప పడవ మీద ఒంటరిగా ప్రపంచం చుట్టాలన్న ఆలోచన నౌకాదళంలో వైస్ అడ్మిరల్ మనోహర్ అవతిది. దాన్ని చేసి చూపించింది దిలీప్ దోండే. 2009-10లో ‘మ్హాదేయి’ పడవ మీద ఒంటరిగా భూగోళం చుట్టిన తొలి భారతీయుడు ఆయన. ఆయన వెనక అభిలాష్ టోమీ 2012-13లో ఎక్కడా ఆగకుండా చుట్టి వచ్చాడు. అమ్మాయిలకు దోండే గురువు. ఏ తాడు ఎప్పుడు లాగాలో, ఏ గాలికి ఏ చాప దించాలో, ఇంజన్ మొరాయిస్తే ఏ నట్టు విప్పాలో ఆయన దగ్గరే నేర్చుకున్నారు. 2016 ఫిబ్రవరిలో విశాఖలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగినప్పుడు మ్హాదేయిని మహిళా సిబ్బందే నడిపారు. ఆర్కే బీచ్‌లో నిలబడి యుద్ధనౌకల్ని చూసిన లక్షల మందిలో ఆ చిన్న తెరచాపను గుర్తుపెట్టుకున్నవాళ్లు ఎందరో!

తారిణి 56 అడుగుల పడవ. గోవాలోని దివార్ దీవిలో, రత్నాకర్ దండేకర్ యార్డులో తయారైంది. ఒడిశాలోని తారాతారిణి అమ్మవారి పేరు పెట్టారు. దారిలో ఆగే రేవులు: ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్, న్యూజిలాండ్‌లోని లిటిల్టన్, ఫాక్లాండ్ దీవుల్లోని పోర్ట్ స్టాన్లీ, తర్వాత కేప్‌టౌన్. మధ్యలో లిటిల్టన్ నుంచి పోర్ట్ స్టాన్లీ అంచె ఒక్కటే 41 రోజులు. దాదాపు అన్ని రోజులూ కంటికి నేల కనిపించదు.

దక్షిణార్ధగోళంలో 40 డిగ్రీలు దాటి కిందికి దిగితే గాలికి అడ్డుపడే భూమి దాదాపు లేదు. పడమటి గాలులు భూగోళం చుట్టూ తిరిగి తిరిగి బలం పుంజుకుంటాయి. అలలు కూడా అంతే, ఎక్కడా విరగకుండా పెరుగుతాయి. దక్షిణ అమెరికా కొస కేప్ హార్న్ దగ్గర ఆ నీరంతా ఇరుకు దారిలో పడి, లోతు తగ్గి, నిలువునా లేస్తుంది. తారిణి ఆ చోటును 2018 జనవరిలో దాటింది. హిందూ మహాసముద్రం చేరాక చుక్కాని పరికరం దెబ్బతింది. మారిషస్‌లో ఆగి బాగుచేసుకుని, మే 21న గోవా చేరారు. 254 రోజుల యాత్ర. అందులో 199 రోజులు నీళ్ల మీదే. దాదాపు 21,600 నాటికల్ మైళ్లు.

ఈ లెక్కల వెనక ఉన్న అసలు సంగతి వేరు. ఇద్దరు చదువుచెప్పే అధికారిణులు, ఇద్దరు ఎయిర్ ట్రాఫిక్ వాళ్లు, ఇద్దరు ఇంజినీర్లు కొన్నేళ్ల శిక్షణతో సముద్రం మనుషులయ్యారు. ఆ శిక్షణకి డబ్బు పెట్టింది ప్రజలు. ఆ నేర్పు వాళ్లు యూనిఫాం విప్పిన రోజున ఏమైపోవాలి? ఫైలులో సర్టిఫికెట్‌గా మిగలాలా?

ముందే తలుపు చూపే ఉద్యోగం

మన నౌకాదళంలో వైద్య విభాగం కాకుండా ఇతర శాఖల్లోకి మహిళా అధికారుల్ని తీసుకోవడం 1992 దాకా మొదలవ్వలేదు. తీసుకున్నాక కూడా చాలామందికి దక్కింది షార్ట్ సర్వీస్ కమిషనే. గరిష్ఠంగా 14 ఏళ్లు, అంతే. శాశ్వత కమిషన్ ఇవ్వాలని 2020 మార్చి 17న సుప్రీంకోర్టు తీర్పు చెప్పాల్సి వచ్చింది. మగ అధికారి యాభై దాటాక ఇంటికి వెళ్తుంటే, అదే శిక్షణ పొందిన అమ్మాయి ముప్ఫైలలో, శరీరంలో సత్తువ, చేతిలో పని రెండూ నిండుగా ఉన్న వయసులో బయటికి రావాల్సి వచ్చేది. పాయల్ ఎప్పుడు, ఎందుకు బయటకొచ్చారన్నది ఆమె సొంత విషయం. కానీ ఇలా బయటకొచ్చే మహిళల సంఖ్య తక్కువేం కాదు. వాళ్లకు కార్పొరేట్ ఆఫీసుల్లో సెక్యూరిటీ మేనేజర్ ఉద్యోగం తప్ప సమాజం వేరే దారి చూపించదు.

బ్రిటన్‌లో దీనికి వేరే జవాబులు వెతికారు. కార్న్‌వాల్‌లోని ఫాల్మత్ రేవులో ‘టర్న్ టు స్టార్‌బోర్డ్’ అనే ధర్మసంస్థ మాజీ సైనికులకు పడవ నడపడం నేర్పుతుంది. యుద్ధం నుంచి వచ్చి నిద్రపట్టనివాళ్లు, కాలు పోయినవాళ్లు, నలుగురిలో కలవలేనివాళ్లు అక్కడికి వస్తారు. పడవ మీద వాచ్‌లు, అంటే కాపలా వంతులు ఉంటాయి. కొన్ని గంటలు నువ్వు మేలుకుంటే మిగతావాళ్లు నిద్రపోతారు. వాళ్లు నీ మీద నమ్మకంతోనే నిద్రపోతారు. సైన్యం వదిలినవాళ్లు బయట ప్రపంచంలో వెతుక్కుని దొరక్క బాధపడేది సరిగ్గా ఈ నమ్మకమే. సముద్రం దాన్ని తిరిగి ఇస్తుంది. పాయల్‌కి అలాంటి గాయం ఉందని నేను అనడం లేదు. ఆమె వైద్యం కోసం మెయిడెన్ ఎక్కలేదు, పని చేయడానికి ఎక్కారు. కానీ రెండు చోట్లా కథ ఒకటే. సైన్యంలో నేర్చింది సైన్యంతో అయిపోలేదు.

సూర్యుణ్ణి చూసి దారి తెలుసుకుంటూ

ఓషన్ గ్లోబ్ రేసుని డాన్ మెకింటైర్ అనే ఆస్ట్రేలియన్ నావికుడు మొదలుపెట్టాడు. 1973లో జరిగిన మొదటి విట్‌బ్రెడ్ పందేనికి యాభై ఏళ్లు నిండిన సందర్భం. అందుకే నియమాలు కూడా ఆనాటివే. పాత పడవలే రావాలి. జీపీఎస్ వాడకూడదు. కంప్యూటర్లు, డిజిటల్ పరికరాలు ఉండకూడదు. పాటలు కావాలంటే క్యాసెట్లు, ఫొటోలు కావాలంటే ఫిల్ము. కాగితం మ్యాపు, పెన్సిలు, గడియారం, సెక్స్టెంట్.

ఈ సెక్స్టెంట్ గురించి కాస్త చెప్పుకోవాలి. మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఎంత ఎత్తుకి లేచాడో దానితో కొలిస్తే అక్షాంశం తెలుస్తుంది. రేఖాంశానికి మాత్రం సమయం కావాలి. భూమి నాలుగు సెకన్లలో ఒక నిమిషం కోణం తిరుగుతుంది. భూమధ్యరేఖ దగ్గర అది ఒక నాటికల్ మైలు. అంటే గడియారం నాలుగు సెకన్లు తప్పితే మన చోటు ఒక మైలు తప్పుతుంది. పైగా ఊగుతున్న డెక్ మీద, ఒక చేత్తో తాడు పట్టుకుని, మరో చేత్తో ఆ పరికరం పట్టుకుని, మబ్బుల మధ్య సందు కోసం ఎదురుచూడాలి. దక్షిణ సముద్రంలో రోజుల తరబడి సూర్యుడు కనిపించడు. అప్పుడు వేగం, దిక్కు, గడిచిన గంటలు కలిపి లెక్క వేసుకుంటూ పోవడమే. ఆ లెక్క తప్పితే మంచుకొండల వైపు వెళ్తారు.

సౌతాంప్టన్ నుంచి కేప్‌టౌన్, అక్కణ్ణుంచి ఆక్లండ్, ఆక్లండ్ నుంచి కేప్ హార్న్ మీదుగా ఉరుగ్వేలోని పుంటా డెల్ ఎస్టే, అక్కణ్ణుంచి మళ్లీ ఇంగ్లండ్. నాలుగు అంచెలు, 27,000 నాటికల్ మైళ్లు. పద్నాలుగు పడవలు పందెంలోకి దిగాయి.

మెయిడెన్ సిబ్బందిలో బ్రిటన్, ఇటలీ, అమెరికా, భారతదేశం, దక్షిణాఫ్రికా, ఆంటిగ్వా అమ్మాయిలున్నారు. ఫొటోలు, వీడియోల పని అఫ్గాన్ విలేకరి నజీబా నూరీది. తన దేశంలో ఆడపిల్లలకు ఆరో తరగతి తర్వాత బడి తలుపులు మూసేసిన రోజుల్లో ఆమె ఆ పడవ మీద ఉంది. ఇంతకన్నా సరైన మనిషి ఆ యాత్రకు దొరకరు. భూగోళం చుట్టే పందెంలో పాల్గొన్న తొలి నల్లజాతి మహిళలుగా ఆంటిగ్వాకు చెందిన జునెల్లా కింగ్, దక్షిణాఫ్రికాకు చెందిన వుయిసిలె జాకా పేర్లు చేరాయి. కెప్టెన్ హీథర్ థామస్‌కి అప్పటికింకా ముప్ఫై నిండలేదు.

తారిణి మీద అందరూ ఒకే సైన్యం, ఒకే శిక్షణ, ఒకే భాషలో ఆజ్ఞలు. మెయిడెన్ మీద సైనిక హోదాలు లేవు. యాసలు వేరు, తిండి వేరు, కొందరు చిన్నప్పటి నుంచి పడవల్లో పెరిగినవాళ్లు, కొందరు ఆలస్యంగా వచ్చినవాళ్లు. అప్పటికే ఒకసారి భూగోళం చుట్టి, రాష్ట్రపతి భవన్ గౌరవాలు చూసిన అధికారి, తనకన్నా చిన్నదైన కెప్టెన్ మాట మీద అర్ధరాత్రి లేచి తడిచాప మడవాలి. చాలామంది మాజీ అధికారులకు ఇది గొంతు దిగదు. హోదా ఒంటి మీద నుంచి దిగినా మనసులోంచి దిగదు. నా ఉద్దేశంలో, ఈ కథలో పాయల్ చేసిన అన్నిటికన్నా పెద్ద సాహసం ఇదే. కేప్ హార్న్ రెండోది.

ఇలాంటి పందేల్లో ముందుగా గీత దాటినవాళ్లే గెలిచినట్టు కాదు. పెద్ద పడవలు సహజంగానే వేగంగా పోతాయి కాబట్టి, పడవ కొలతల్ని బట్టి సమయం సర్దుతారు. ఏప్రిల్ 16న కౌస్ చేరిన మెయిడెన్ సిబ్బంది, ఇంకా వెనక సముద్రంలో ఉన్న చిన్న పడవల కోసం కొద్ది రోజులు ఎదురుచూడాల్సి వచ్చింది. వాళ్లకి గాలి కలిసొస్తే గెలుపు చేజారేది. గాలి వాళ్లకి కలిసిరాలేదు. ట్రేసీ రెండో స్థానంతో ఆగిన చోట నుంచి ముప్ఫై నాలుగేళ్ల తర్వాత, అదే పడవ మొదటి స్థానం తెచ్చింది.

దాదాపు ఏడాది ముందు, ఇదే మెకింటైర్ నడిపిన గోల్డెన్ గ్లోబ్ ఒంటరి పందెంలో దక్షిణాఫ్రికా మహిళ కిర్‌స్టెన్ నోయిషేఫర్ గెలిచింది. రెండో స్థానం మన అభిలాష్ టోమీది. 2018లో ఇదే పందెంలో తుపానుకి పడవ తెరచాప కొయ్య విరిగి, వెన్ను దెబ్బతిని, కదల్లేని స్థితిలో రక్షించి తెచ్చిన మనిషి. అతను కూడా నౌకాదళం వదిలాకే ఆ పందెం పూర్తి చేశాడు.

ఇటు మన ఒడ్డున

కోరంగి, తాళ్లరేవుల్లో ఒకప్పుడు తెరచాప ఓడలు కట్టేవారు. అవి బర్మా రేవులకు వెళ్లి వచ్చేవి. ఇంత తీరం ఉండీ, తూర్పు నౌకాదళ కేంద్రం విశాఖలోనే ఉండీ, మన పిల్లలకి తెరచాప పడవ అంటే సినిమా సీనే. చేపలవేటకు వెళ్లే ఇంటి అమ్మాయి కూడా ఒడ్డున బుట్ట పట్టుకుని నిలబడుతుంది గాని చుక్కాని పట్టుకోదు.

తీరం లేని హైదరాబాద్‌లోనే దీనికి ఒక జవాబు పుట్టడం విచిత్రం. హుస్సేన్‌సాగర్‌లో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేదిళ్ల పిల్లలకి, ముఖ్యంగా ఆడపిల్లలకి తెరచాప పడవలు నేర్పుతోంది. ఆ నీళ్ల మీద నేర్చుకున్న కొంగర ప్రీతి, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 470 మిక్స్‌డ్ విభాగంలో దేశం తరఫున పోటీచేసింది. పడవ నేర్చుకోవాలంటే గాలి కోణం లెక్క రావాలి, నియమాల పుస్తకం చదవాలి, ఇంగ్లిషులో అరిచిన మాట అర్థం కావాలి. పడవ మీదికి వచ్చిన పిల్ల పుస్తకం దగ్గరికి కూడా వస్తుంది. మెయిడెన్ రేవు రేవునా చెప్పే మాట ఇక్కడ సాగర్ ఒడ్డున ఏ హడావిడీ లేకుండా జరుగుతోంది.

నౌకాదళం కూడా ఆగలేదు. లెఫ్టినెంట్ కమాండర్లు దిల్నా, రూప ఇద్దరే తారిణి మీద 2024 అక్టోబరు 2న బయల్దేరి, 2025 మే 29న గోవా తిరిగొచ్చారు. అంటే అప్పటికి తారిణి మీద ప్రపంచం చుట్టిన మహిళా అధికారులు ఎనిమిది మంది. వాళ్లలో కొందరు ఇవాళో రేపో యూనిఫాం విప్పుతారు. వాళ్లకి పాయల్‌లాగా ఇంగ్లండ్ దాకా వెళ్తే తప్ప ఇలాంటి పడవ దొరకదు.

బారువ నుంచి కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ, నరసాపురం, మచిలీపట్నం, నిజాంపట్నం మీదుగా కృష్ణపట్నం దాకా ఒక తెరచాప పడవ రేవు రేవునా ఆగుతూ వెళ్లొచ్చు. ఆగిన ప్రతిచోటా మత్స్యకార వాడల్లో ఏడో, ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన అమ్మాయిల్ని ఎక్కించుకోవచ్చు. నడపడానికి విరమణ పొందిన నౌకాదళ మహిళలున్నారు. రేవు కంపెనీలు, పోర్టు అథారిటీలు సామాజిక బాధ్యత నిధులు ఏటా ఏదో ఒకదానికి ఖర్చుపెడుతూనే ఉన్నాయి. ప్రభుత్వం నుంచి కావాల్సింది ముఖ్యంగా అనుమతి. సీషెల్స్‌లో పాడుబడిన పడవను వెతుక్కుని తెచ్చుకున్న ట్రేసీ ఎడ్వర్డ్స్‌కి ఇంతకన్నా ఎక్కువ సౌకర్యాలేమీ లేవు. అలాంటి పడవ ఒకటి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో కట్టుకోవడానికి మనకేం అడ్డమో, నౌకాదళం, విద్యాశాఖ, రేవు అధికారులు ఒక బల్ల దగ్గర కూర్చుని చెప్పాలి. ఐశ్వర్యనీ స్వాతినీ ఆ బల్ల దగ్గరికి పిలవాలి.